మనామాలో తేలియా రుమాలు

బహ్రెయిన్ అంటే మా ఊళ్ళో ఇప్పటికీ చాలామందికి దుబాయ్‌లో ఒక పేట. సెలవులకి చీరాల వెళ్ళినప్పుడల్లా "దుబాయ్ నుంచి ఎప్పుడొచ్చావమ్మా?" అనే అడుగుతారు. మొదట్లో ఓపిగ్గా దిద్దేదాన్ని. ఇది వేరే దేశం పిన్నీ, చిన్న చిన్న దీవులు, మొత్తం కలిపినా 800 చదరపు కిలోమీటర్లు ఉండదు, సౌదీకి సముద్రం మీద 25 కిలోమీటర్ల వంతెన ఉంది అని చెప్పేదాన్ని. అంతా విని "ఏదైతేనేంలే, అక్కడ ఏం చేస్తున్నావ్?" అనేవాళ్ళు. ఆ రెండో ప్రశ్నకి తొమ్మిదేళ్ళుగా నా దగ్గర ఒకటే జవాబు. "ఇంట్లోనే."

ఇంట్లో పని తక్కువేం కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ బి.ఎస్‌సి. కెమిస్ట్రీలో కాలేజీ ఫస్టు వచ్చినదాన్ని. పెళ్ళయ్యాక ఎమ్మెస్సీ చేద్దామనుకుంటూ ఉండగానే బాబు పుట్టాడు. ఆ తర్వాత మావారికి ఇక్కడ సైట్ ఇంజనీరుగా ఉద్యోగం వచ్చింది. కుటుంబ వీసా మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చెయ్యాలంటే వర్క్ పర్మిట్ వేరే తీసుకోవాలి. ఆ ప్రయత్నం ఈ ఏడాది, వచ్చే ఏడాది అనుకుంటూ ఉండగానే నాకు ముప్ఫై ఆరు వచ్చాయి.

ఆ ఏడాదే నేను మళ్ళీ కాలేజీలో చేరాను. చదివింది ఫ్యాషన్ మార్కెటింగ్.

నవ్వొచ్చింది కదూ? మావారికీ వచ్చింది. నైటీ మీద చున్నీ వేసుకుని గుమ్మంలో కూరగాయలు తీసుకుంటున్న నన్ను చూసి "ఫ్యాషనా? నువ్వా?" అన్నారు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశారనుకోండి.

ఈ ఆలోచన పుట్టింది మనామా సూక్‌లో. బహ్రెయిన్ చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. బాబ్ అల్ బహ్రెయిన్ అనే పెద్ద ద్వారం దాటి లోపలికి వెళ్తే సందులు సందులుగా పాత బజారు ఉంటుంది. ఒక సందులో మసాలాలు, ఒక సందులో బంగారం, ఇంకో సందులో తానులు తానులుగా బట్టలు. ఆ సందుల మధ్యే రెండు వందల ఏళ్ళ నాటి కృష్ణుడి గుడి ఉంది. సింధు నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్నది. చమురు రాకముందు నుంచీ మనవాళ్ళు ఇక్కడున్నారనడానికి అదే సాక్ష్యం. దీపావళికి ఆ సందులో నడుస్తుంటే మల్లెపూల దండలు, జిలేబీ వాసన, హిందీ పాటలు. ఏలూరు రోడ్డులో ఉన్నామా అనిపిస్తుంది.

ఒక శుక్రవారం బట్టల కొట్లో మా పక్కింటావిడ "ప్యూర్ సిల్క్" అని ఒక తాను బేరమాడుతోంది. అంచున వేలాడుతున్న పోగు ఒకటి లాగి, కొట్టువాడి లైటరే అడిగి వెలిగించాను. కరిగి నల్లటి పూసలా గట్టిపడింది. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, చేత్తో నలిపితే పొడైపోతుంది. పూస కట్టిందంటే పాలియెస్టర్. ఆవిడ తాను వదిలేసింది. కొట్టువాడికి కోపం వస్తుందనుకున్నాను. అతను హిందీలో "మేడమ్, మీరు మా దగ్గర పనిలో చేరిపోండి, లేకపోతే మా కొట్టుకి రాకండి" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక ఆ మొదటి మాటే చెవిలో ఉండిపోయింది.

పదినెలల సాయంత్రం డిప్లొమా అది. వారానికి రెండు రోజులు, ఆదివారం, మంగళవారం. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఫీజు మొదటి వాయిదాకి మన ఆడవాళ్ళం నడుపుకునే చీటీ ఎత్తాను. మావారిని అడగలేక కాదు. అడగకుండా చేసిన పని ఒకటైనా ఉండాలనిపించింది.

మొదటిరోజు క్లాసులోకి అడుగుపెట్టగానే ముందు వరసలో అమ్మాయిలు లేచి నిలబడ్డారు. టీచరనుకున్నారట. నేను వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేసరికి వాళ్ళూ నవ్వారు, నేనూ నవ్వాను. మొత్తం పద్నాలుగు మందిమి. ఎక్కువమంది పందొమ్మిది, ఇరవై ఏళ్ళ బహ్రెయినీ పిల్లలు. అబాయా కింద రంగురంగుల స్పోర్ట్స్ బూట్లు, చేతిలో కరక్ చాయ్ కప్పు. ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఒక మలయాళీ అమ్మాయి, నేను. వారం తిరక్కుండానే నన్ను "ఖాల్తీ" అనడం మొదలుపెట్టారు. అరబ్బీలో అమ్మ చెల్లెల్ని అలా పిలుస్తారు. అంటే మన పిన్ని. తొమ్మిదేళ్ళలో ఈ దేశంవాళ్ళు నన్ను వరస పెట్టి పిలవడం అదే మొదలు.

ఫ్యాషన్ మార్కెటింగ్ అంటే బొమ్మలు గియ్యడం, ర్యాంపు మీద నడవడం అనుకున్నాను. నిజానికి అది లెక్కల చదువు. వస్తువు, ధర, చోటు, ప్రచారం అని నాలుగు పునాదులు. 1960లో జెరోమ్ మెకార్తీ అనే అమెరికన్ ప్రొఫెసర్ చెప్పిన పద్ధతి, నేటికీ అక్కడినుంచే మొదలుపెడతారు. కొత్త ఫ్యాషన్ జనంలోకి ఎలా పాకుతుందో చెప్పడానికి ఎవరెట్ రోజర్స్ 1962లో రాసిన పుస్తకంలోని గీత ఒకటి బోర్డు మీద గీశారు మా మేడమ్. ముందుగా ధైర్యం చేసేవాళ్ళు నూటికి రెండున్నర మంది, వాళ్ళని చూసి కొనేవాళ్ళు పదమూడున్నర, ఆ తర్వాత ముప్ఫై నాలుగు, ఇంకో ముప్ఫై నాలుగు, ఆఖర్న పదహారు. గంట ఆకారంలో ఉన్న ఆ గీతని చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. స్టాటిస్టిక్స్‌లో ఎన్నిసార్లు గీశానో! మా అపార్ట్‌మెంట్‌లో అనార్కలీలు వచ్చినప్పుడు ఎవరు ముందు కొన్నారు, ఎవరు ఆఖర్న కొన్నారు అని మనసులో లెక్కేసుకున్నాను. నేను ఆ ఆఖరి పదహారులో ఉన్నాను.

మార్కప్, మార్జిన్ ఒకటి కాదని తెలిసింది కూడా అక్కడే. నాలుగు దినార్లకి కొని ఎనిమిదికి అమ్మితే మార్కప్ నూరు శాతం, మార్జిన్ యాభై శాతం. మొదటిది కొన్న ధర మీద లెక్క, రెండోది అమ్మిన ధర మీద లెక్క. ఈ తేడా తెలియక దివాలా తీసిన కొట్లు ఉన్నాయనేవారు మేడమ్. 2022 జనవరి నుంచి ఇక్కడ వ్యాట్ పది శాతమైంది. దాన్ని ధరలో ముందే కలుపుకోకపోతే అదీ మన మార్జిన్‌లోంచే పోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది క్యాలెండర్ పాఠం. యూరప్‌లో ఫ్యాషన్‌కి వేసవి, చలికాలం అని రుతువులుంటాయి. ఇక్కడ అసలైన సీజన్ రంజాన్. ఈదుకి కొత్త బట్టలు. దానికి ముందు, రంజాన్ సగమయ్యాక గెర్గావూన్ అని పిల్లల పండగ. జరీ పనిచేసిన సంప్రదాయ దుస్తులు వేసుకుని పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు, వేరుసెనక్కాయలు సంచీలో పోయించుకుంటారు. చిక్కేమిటంటే హిజ్రీ క్యాలెండర్ చంద్రమానం. మనలాగా అధికమాసం వేసి సరిచేసుకోరు. అందుకని రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతూ దాదాపు ముప్ఫై మూడేళ్ళకి ఒక చుట్టు పూర్తిచేస్తుంది. 2030లో అయితే రెండుసార్లు వస్తుంది, జనవరిలో ఒకసారి, డిసెంబరులో మళ్ళీ. ఒకప్పుడు నలభై అయిదు డిగ్రీల ఎండలో పలచటి బట్ట అడిగిన పండగకే కొన్నేళ్ళకి మందపాటి బట్ట కావాలి. పోయినేడాది ఏం అమ్ముడైందో చూసి ఈ ఏడాది కొనేస్తే లాభం లేదు. "మీ పంచాంగంలో అధికమాసం ఉందా?" అని మేడమ్ ఆశ్చర్యపోయి నాచేత క్లాసుకి పదినిమిషాలు చెప్పించారు. ఆరోజు ఇంటికి వెళ్ళేదాకా నా కాళ్ళు నేలమీద లేవు.

ప్రాక్టికల్స్ కూడా ఉండేవి. మాల్‌లో ఒక కొట్టు ముందు గంటసేపు నిలబడి, ఎంతమంది లోపలికి వెళ్ళారు, అందులో ఎంతమంది బట్టని చేత్తో ముట్టుకున్నారు, ఎంతమంది సంచీతో బయటికొచ్చారు అని లెక్కపెట్టాలి. గురువారం సాయంత్రమైతే కింగ్ ఫహద్ వంతెన మీదుగా సౌదీ కుటుంబాలు వారాంతానికి వస్తాయి. 1986లో ఆ వంతెన తెరిచాక ఇక్కడి వ్యాపారం తీరే మారిపోయిందంటారు. నేను లెక్కపెట్టిన దాంట్లో నాకు అర్థమైంది ఒక్కటే. బట్టని ముట్టుకున్నవాళ్ళే కొంటారు. మా అమ్మ చీరాల కొట్లో కూర్చుని చీర కుచ్చెళ్ళు వేళ్ళ మధ్య నలిపి చూడటం గుర్తొచ్చింది.

ఒక శనివారం ముహర్రక్ తీసుకెళ్ళారు. మనామా పక్క దీవి, పాత రాజధాని. ముత్యాల బాట అని మూడున్నర కిలోమీటర్ల దారి ఉంది. పాత వర్తకుల ఇళ్ళు, ఈతగాళ్ళ ఇళ్ళు కలిపి పదిహేడు కట్టడాలు, సముద్రంలో ముత్యపు చిప్పల దిబ్బలు మూడు. 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 1932లో చమురు పడేదాకా ఈ దేశం తిన్నది ముత్యాల తిండే. ఊపిరి బిగబట్టి, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని దిగేవారట. ఇక్కడి ముత్యాలు బొంబాయి చేరి, అక్కడినుంచి మన నిజాముల మెడలదాకా వచ్చాయి. జపాన్ వాళ్ళు ముత్యాలు పెంచడం నేర్చుకున్నాక ఈ వ్యాపారం కూలిపోయింది. అయినా నేటికీ బహ్రెయిన్‌లో పెంచిన ముత్యాల వ్యాపారం నిషేధం. అసలుదే అమ్మాలి. "ఇదొక మార్కెటింగ్ నిర్ణయం, గుర్తుపెట్టుకోండి" అన్నారు మేడమ్. నేను నోట్సులో రాసుకున్నాను గానీ, అది నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలీదు.

అక్కడే కురార్ ఇల్లు చూశాం. కురార్ అంటే బంగారు జరీ పోగులతో అల్లే అంచు. ఒక్కరు చేసే పని కాదు. కొందరు ఆడవాళ్ళు వేళ్ళకి పోగులు తగిలించుకుని చేతులు మార్చుకుంటూ అల్లుతుంటే, ఒకావిడ బట్టకి కుట్టుకుంటూ పోతుంది. కబుర్లు చెప్పుకుంటూనే చేస్తారు గానీ వేళ్ళు తప్పవు. మనిళ్ళల్లో వడియాలు పెట్టేటప్పటి గుంపులాగే ఉంది.

ఆ తర్వాత నేనే మావారిని బలవంతపెట్టి బనీ జమ్రా తీసుకెళ్ళమన్నాను. వాయవ్యాన ఉన్న నేతగాళ్ళ ఊరు. తాటాకు పందిరిలాంటి చోట మగ్గం. నేతగాడు కూర్చునే దగ్గర నేలలో గుంట, కాళ్ళు కిందకి వేలాడేసి తొక్కుడుచెక్కలు తొక్కుతున్నాడు. నేను అలా నిలబడిపోయాను. మా తాతయ్య మగ్గం అచ్చంగా అదే. గుంట మగ్గం. చిన్నప్పుడు ఆ గుంట అంచున కూర్చుని కండెలు అందించేదాన్ని. "ఏమైంది?" అని మా బాబు చెయ్యి పట్టుకు లాగుతున్నాడు. నాడె పడుగులోంచి దూసుకుపోయే చప్పుడు కూడా అదే.

ఇంటికి రాగానే బీరువా అడుగునుంచి తాతయ్య రుమాలు తీశాను. ఎరుపు, నలుపు, తెలుపు. చతురస్రం. ఇన్నేళ్ళైనా ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన సన్నగా వస్తుంది. అందుకే దాని పేరు తేలియా రుమాలు. మా చీరాల వైపు నేతగాళ్ళు నూలుని నూనెలోనూ ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టేవారు. బూడిద క్షారం, నూనెతో కలిస్తే సబ్బులాంటిది అవుతుంది. ఆ కొవ్వు పోగుని పట్టుకుంటుంది, పటికని పట్టుకుంటుంది, పటిక అలిజరిన్ ఎరుపుని పట్టుకుంటుంది. యూరప్‌లో టర్కీ రెడ్ అని పేరుపడ్డ అద్దకంలోనూ ఇదే రసాయనం. ఆ తర్వాత పడుగునీ పేకనీ రెండిటినీ ముందే దారాలతో చిటికి కట్టి, అద్ది, లెక్క తప్పకుండా నేస్తే గళ్ళల్లో బొమ్మలు తేలతాయి. దీన్నే డబుల్ ఇకత్ అంటారు.

ఈ రుమాళ్ళు ఎవరు కట్టుకునేవారో తెలుసా? మా వైపు జాలర్లు లుంగీలుగా, తలపాగాలుగా. ఆ తర్వాత ఎక్కువ భాగం ఓడలెక్కి అరబ్బు దేశాలకే పోయేవి. ఎండలో తలకి చల్లగా ఉంటుందని, దుమ్ము పట్టదని ఇక్కడివాళ్ళు కోరి కొనేవారట. అంటే నేను పుట్టకముందే మా ఊరి బట్ట ఈ వైపు వచ్చి వెళ్ళింది. వస్తువు, ధర, చోటు, ప్రచారం అన్నీ ఏ కాలేజీకీ వెళ్ళకుండా మా ముత్తాతలు చూసుకున్నారు. ఆ ఎగుమతులు ఆగిపోయాక చీరాలలో ఈ పని దాదాపుగా పోయింది. తెలంగాణలో పుట్టపాక నేతగాళ్ళు దాన్ని నిలబెట్టారు. అక్కడి గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకి జి.ఐ. గుర్తింపు కూడా దక్కింది.

డిప్లొమా ఆఖర్న ప్రతి ఒక్కరూ ఒక వస్తువు తెచ్చి కాలేజీ ఆవరణలో రెండు రోజులు స్టాల్ పెట్టి అమ్మాలి. కాగితం మీద కాదు, నిజంగా. నా వస్తువు ఏదో ఆ రాత్రే తేలిపోయింది.

ఇక్కడే తప్పు చేశాను. పుట్టపాకకి ఫోన్ చేస్తే రెండు మూడు నెలలు పడుతుందన్నారు. నా దగ్గర ఆరు వారాలే ఉన్నాయి. తెలిసినవాళ్ళ ద్వారా మన వైపు వ్యాపారి ఒకాయన దొరికాడు. వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు. "అసలు చేనేత, డబుల్ ఇకత్, సహజ రంగులు" అన్నాడు. ఒక్కోటి నాలుగు వందల యాభై రూపాయలు. పడుగూ పేకా రెండూ చిటికి కట్టి నేసే బట్ట ఆ ధరకి ఎలా వస్తుందని అడగాల్సింది నేనే. అడగలేదు. నలభై తెప్పించాను. కొరియర్‌తో కలిపి ఒక్కోటి రెండున్నర దినార్లు పడింది, మొత్తం నూరు దినార్లు. చీటీ డబ్బుల్లో మిగిలింది అదే. తొమ్మిది దినార్లకి అమ్మితే మార్జిన్ డెబ్భై రెండు శాతం అని ప్రాజెక్టులో రాసి మేడమ్‌కి చూపించాను. శభాష్ అన్నారు.

పార్సెల్ స్టాల్‌కి తొమ్మిది రోజుల ముందు వచ్చింది. విప్పగానే చెయ్యికి తెలిసిపోయింది. తిరగేస్తే వెనక రంగు వెలిసినట్టుంది. నేతలో వచ్చిన బొమ్మ రెండువైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ఇది గీత గీసినట్టుంది. అచ్చు వేసినది. ఒక పోగు లాగి స్టవ్ మీద పెట్టాను. కొంత కాగితంలా కాలి బూడిదైంది, కొంత పూస కట్టింది. నూలూ పాలియెస్టర్ కలిపిన మరమగ్గం బట్ట. సూక్‌లో పక్కింటావిడకి చూపించిన పరీక్ష నాకు నేను చేసుకోవాల్సొచ్చింది.

ఆ వ్యాపారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చీరాలలో మావయ్యకి చేశాను. "తాత రుమాలు ఉందిగా నీ దగ్గర, దాని పక్కన పెట్టి చూడాల్సిందమ్మా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మావారితో చెప్పడానికి రెండురోజులు పట్టింది. "ఇక్కడెవరికి తెలుస్తుంది? డబ్బులైనా తిరిగొస్తాయి, అమ్మెయ్" అన్నారు. ఆయన నాకోసమే అన్నారని తెలుసు. క్లాసులో పక్క బెంచీ అమ్మాయి ఇంకా తెలివిగా చెప్పింది. "ఖాల్తీ, 'తేలియా స్ఫూర్తితో' అని రాయి. అబద్ధం కాదు కదా." మేడమ్‌ని అడిగితే "నిర్ణయం నీది. కానీ మార్జిన్‌కి ముప్ఫై మార్కులున్నాయని మర్చిపోకు" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజం చెప్తున్నాను, నీతి గురించి పెద్దగా ఆలోచించలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి ఒక పని మొదలుపెట్టాను, అందులో ఓడిపోయానని ఇంట్లో, క్లాసులో అందరికీ తెలియడం ఇష్టం లేదు, అంతే. తెల్లవారుజామున లేచి తాతయ్య రుమాలు మడత విప్పాను. ఒక మూల చిన్న తప్పు ఉంది. రెండు పోగులు జరిగి, పువ్వు రేకు ఒకటి వంకరగా వచ్చింది. అమ్ముడుపోలేదు కాబట్టే అది మా ఇంట్లో ఉంది. తప్పు పడ్డ రుమాలుని మంచి రుమాళ్ళ మధ్య పెట్టి పంపెయ్యడం తాతయ్యకి చేతకాకేం కాదు.

పొద్దున్న కూర్చుని కొత్త కార్డు రాశాను. "మరమగ్గం మీద నేసిన బట్ట. నూలు, పాలియెస్టర్. డిజైన్ అచ్చు వేసినది. మూడున్నర దినార్లు." పక్కన గాజు పెట్టెలో తాతయ్య రుమాలు పెట్టి, "అసలు తేలియా రుమాలు ఇది. అమ్మకానికి కాదు" అని, అది ఎలా తయారవుతుందో ఇంగ్లీషులో, అరబ్బీలో రాయించాను. అరబ్బీ రాసిపెట్టింది ఆ 'స్ఫూర్తి' అమ్మాయే.

రెండు రోజుల్లో నలభైలో ఇరవై ఆరు పోయాయి. ముప్ఫై అయిదులోపు పిల్లలే ఎక్కువ కొన్నారు, బ్యాగుకి కట్టుకోవడానికి, జుట్టుకి కట్టుకోవడానికి. తొంభై ఒక్క దినార్లు వచ్చాయి. తొమ్మిది దినార్ల నష్టం, పద్నాలుగు రుమాళ్ళ మిగులు. గాజు పెట్టె దగ్గర మాత్రం జనం ఆగారు. ఎవరూ "మా తాత ఇది కట్టుకునేవాడు" అనలేదు. సినిమాల్లోలా అలాంటిదేదైనా జరుగుతుందని లోలోపల ఎదురుచూశాను గానీ జరగలేదు. ఒక పెద్దాయన మాత్రం పెట్టె తీయించి, రెండువైపులా తిప్పి చూసి, వాసన చూసి, ధర ఎంతన్నాడు. అమ్మనంటే, "అయితే ఇలాంటిది నేయించి తెప్పించు" అని నంబరిచ్చి వెళ్ళాడు. రెండోరోజు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అలాగే ఇచ్చారు.

మార్జిన్‌కి ముప్ఫైకి ఎనిమిది మార్కులు వేశారు. మొత్తం మీద రెండో తరగతిలో పాసయ్యాను. కాలేజీ ఫస్టు వచ్చినదాన్ని, కొంచెం బాధ వేసింది. మార్కుల కాగితం కింద మేడమ్ ఒక వాక్యం రాశారు. అమ్మడం బాగానే నేర్చుకున్నావు, ఇక కొనడం నేర్చుకో అని.

అదే నేర్చుకుంటున్నాను. సెలవులకి వెళ్ళినప్పుడు పుట్టపాక వెళ్ళి మగ్గం పక్కన కూర్చుని మూడు రుమాళ్ళకి బయానా ఇచ్చి వచ్చాను. అసలు ధర చెప్పగానే ముగ్గురిలో ఒకావిడ వెనక్కి తగ్గింది. పెద్దాయన "ఎన్నాళ్ళు పడుతుంది?" అని మాత్రమే అడిగాడు. నాలుగు నెలలన్నాను. ఇన్షా అల్లా అన్నాడు. వర్క్ పర్మిట్ కాగితాలు కూడా ఈసారి నిజంగానే మొదలుపెట్టాం. పద్నాలుగు అచ్చు రుమాళ్ళూ ఇంట్లోనే ఉన్నాయి. వంటింట్లో ఒకటి చేతిగుడ్డ అయింది, బాబు క్రికెట్ బ్యాగులో ఒకటి ఉంది.

మీలో ఎవరైనా ఊరినుంచి చేనేత అని తెప్పించుకుంటుంటే రెండు పనులు చెయ్యండి. బట్ట తిరగేసి చూడండి, అంచున ఒక పోగు కాల్చి చూడండి. ఆ పైన ధర మరీ తక్కువైతే ఎందుకు తక్కువో అడగండి. నేను అడగలేదు.

మొన్న చీరాలలో పిన్ని మళ్ళీ అడిగింది, దుబాయ్ నుంచి ఎప్పుడొచ్చావని. మొన్నే వచ్చానన్నాను. ఏం చేస్తున్నావని అడగబోతుంటే మూడు రుమాళ్ళ కథ మొదలుపెట్టాను. పిన్ని వాళ్ళ నాన్న కూడా నేతగాడే. కాఫీ చల్లారిపోయిందాకా వింది.